అత్త వేళ్ల బూడిద

మగ్గానికి అచ్చు అతికేటప్పుడు మా అత్త పొయ్యిలోని బూడిద ముందు నుదుట పెట్టుకునేది, తర్వాతే వేళ్లకు అద్దుకునేది. పాత పోగు కొసకు కొత్త పోగు కలిపి మెలిపెట్టాలంటే వేళ్లు జారకూడదు కదా. పైసా ఖర్చు లేని విభూతి. ఆ పొదుపు నాకు నచ్చేది.

సోలాపూర్ వీధుల్లో తెల్ల సిపాయిలు తుపాకులతో తిరిగిన రోజులవి. ఒకనాడు మిల్లుకు వెళ్లిన నా పెనిమిటి వేళ దాటినా ఇంటికి రాలేదు. మిల్లు దారిలో సుంకం వసూలు చేసే నాకా దగ్గర కాల్పులు జరిగాయని పక్కింటివాళ్లు చెప్పిపోయారు. నేను గడపకూ మగ్గానికీ మధ్య తిరుగుతుంటే అత్త పిలిచింది.

"ఇటు రా పిల్లా, కూసో. ఆ పక్క నువ్వతుకు, ఈ పక్క నేనతుకుత."

"నీకు భయమైతలేదా అత్తా? నీ కొడుకే గద!"

"మన కులదేవుడు మార్కండేయునికి చెప్పిన. బరువు ఆయన నెత్తిన పెట్టినంక మల్ల నువ్వెందుకు ఎత్తుకుంటవ్? దారం ఖరాబ్ చేయకు."

పోగు తర్వాత పోగు అతుకుతుంటే నా గుండెదడ మెల్లగా తగ్గింది. దీపాలు పెట్టే వేళకు ఆయన వచ్చాడు. అత్త తలెత్తకుండానే, "కాళ్లు కడుక్కో, రొట్టె ఉన్నది" అన్నది.

మిల్లు మూతపడడంతో తెల్లారి ఆయనే మగ్గం గుంటలో దిగి నేత మొదలుపెట్టాడు. నేను అతికిన పోగులన్నీ నిలిచాయి. అత్త అతికినవి పటపటా ఊడివచ్చాయి.

"ఏందమ్మా, ఇయి నువ్వతికినయేనా?" అన్నాడు.

నేను ఆమె ముఖం చూశాను.

"ఏం జూస్తున్నవే? దేవుణ్ణి నమ్మినోళ్లకు చేతులు వణకయని నీకెవరు చెప్పిండ్రు?" అని నవ్వింది. మళ్లీ నుదుట బూడిద పెట్టుకుని, మొదటి పోగు అందుకుంది.