కాన్పుకొచ్చిన కొంగలు

కొంగల్ని చూడ్డానికి పోదామన్నది నేనే. ఇంకొకరి మీదికి తోసే వీల్లేదు.

మా చెల్లెలు ధర్మవరంలోని అత్తగారింటి నుంచి హిందూపురానికి కాన్పుకి వచ్చింది. తొమ్మిదో నెలలో బిడ్డ కడుపులోనే పోయింది. తల్లికి చూపిస్తే మనసులో నాటుకుపోతుందని పెద్దవాళ్ళన్నారు. నేనూ తలూపాను. దానికి ఆపరేషన్ మత్తు వదిలేలోపే అన్నీ అయిపోయాయి. ఆ తర్వాత రెండు నెలలు అది ఎవరితోనూ మాట్లాడలేదు. పెడితే తినేది, లేకపోతే లేదు. అమ్మ వంటింట్లో కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేది. నాకేమో కోపం వచ్చేది, ఎవరి మీదో తెలియదు. దాని నోటి నుంచి ఒక్క మాట వస్తే చాలనిపించేది.

"గోడలు చూస్తా కూచుంటే పిచ్చి పడ్తాది. చిలమత్తూరు పక్క ఒక ఊరి చెరువుకి కొంగలొచ్చినాయంట, పోదాం పదండి," అన్నాను. ఫోన్‌లో ఎవరో పంపిన వీడియో చూశాను, అందులో అవి నీళ్ళలో నిలబడి ఉన్నాయి. నాయన అంగడి మూసి కారు మాట్లాడాడు. అమ్మ చిత్రాన్నం కట్టింది.

తీరా పోతే చెరువు సగం ఎండిపోయి ఉంది. కొంగలన్నీ ఊళ్ళోని చింతచెట్ల మీద ఉన్నాయి. కారు దిగాక గానీ నాకు వెలగలేదు. చెట్టు నిండా గూళ్ళే, ఏ గూట్లో చూసినా పిల్లలే. మేత కోసం నోళ్ళు తెరిచి ఒకటే అరుపు. నా బుద్ధి గడ్డి తినిందనుకున్నాను. అమ్మ నా వైపు చూసిన చూపు చచ్చేదాకా మర్చిపోను.

"ఎండ ఎక్కువుండాది, పోదాం పా," అని చెల్లెలి చెయ్యి పట్టుకున్నాను. అది విడిపించుకుని చెట్టు కిందికి పోయింది. అక్కడ అరుగు మీద ఆ ఊరి అవ్వ ఒకామె కూర్చుని ఉంది.

"ఇవి మా ఊరికి కాన్పుకొచ్చిన ఆడబిడ్డలమ్మా. పెండ్లిండ్లకు గూడా ఈడ టపాసులు కాల్చం," అందామె గొప్పగా. అంతటితో ఊరుకుందా? "నీకెంతమంది పిల్లోళ్ళు తల్లీ?"

"ఈసారి వానలెట్లవ్వా?" అని నాయన మాట మార్చబోయాడు.

చెల్లెలు చెట్టు మొదట్లోకి చూస్తోంది. గూట్లోంచి పడిన పిల్ల ఒకటి చచ్చి, చీమలు పట్టి ఉంది.

"దీన్ని తల్లి వచ్చి చూసిందా అవ్వా?"

రెండు నెలల తర్వాత విన్నాం దాని గొంతు.

"కిందపడినాంక యాడ చూస్తాది తల్లీ. పైనుండేవాటికి మేత తేవల్ల గదా," అంది అవ్వ.

చెల్లెలు నా వైపు తిరిగింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"అక్కా, నువ్వు ఎత్తుకుంటివి గదా. ఆడబిడ్డా, మగబిడ్డా?"

దేవుడా! మాలో ఒక్కరం కూడా దానికి ఆ మాట చెప్పలేదు.

"ఆడబిడ్డ," అన్నాను.

"జుట్టు ఉండెనా?"

ఆసుపత్రిలో తువ్వాలు చుట్టి నా చేతికిచ్చారు. నేను భయపడి మొహం మీది గుడ్డ తియ్యనే లేదు.

"ఉండె. ఒత్తుగా ఉండె," అన్నాను.

"అయితే నా మాదిరే," అంది చెల్లెలు.

నేను అవునన్నాను.