సీటు లేని బండి, బాపు గద్దె

మాది జనగామలో ఇనుప సామాన్ల దుకాణం. గడ్డపారలు, గమేళాలు, తాళాలు, మేకులు. వాటన్నిటి మధ్య తెల్లగుడ్డ పరిచిన గద్దె ఒకటి. దాని మీద మా బాపు తప్ప ఇంకెవరూ కూర్చోరు. నాకూ కూర్చోవాలని లేదు. నా ప్రాణమంతా ఊరవతల గుట్ట మీది బండరాళ్లలో ఉండేది.

ఆ రాళ్లు ఎక్కడానికే బాపు పాత మోటారు బండిని ట్రయల్స్ బండిగా మార్చాను. ట్రయల్స్ అంటే పరుగు పందెం కాదు. కాలు కింద పెట్టకుండా, నడక వేగంతో రాళ్లు దాటడం. నిలబడే నడపాలి కాబట్టి మొదట సీటు పీకేశాను. బండి మెల్లగా, బలంగా లాగాలని వెనక పెద్ద పళ్లచక్రం వేయించాను. అది మానుకోటలో ఒక పాత సామాన్ల కొట్టులో దొరికింది. టైరు రాయిని పట్టుకోవాలని సగం గాలి తీసేశాను. దుకాణం ముందు నిలిపితే చాలు, ఎవరో ఒక పుణ్యాత్ముడు జాలిపడి పంపుతో గాలి కొట్టి పోయేవాడు. తిట్టుకుంటూ మళ్లీ తీసేవాణ్ణి.

బాపుకు ఆ బండిని చూస్తేనే ఒళ్లు మండేది.

"పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టుమన్నడట నీ అసొంటోడే. దుకాణంల కూసోబుద్ది గాదు, బండి మీద గూడ కూసోబుద్ది గాదారా?"

అందులో నిజం ఉంది కాబట్టే నాకు కోపం వచ్చేది. గుట్ట మీద ఒక రాయి నన్ను ప్రతిసారీ కిందికి తోసేది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు నేను ఇంటికొచ్చి క్లచ్చు తీగ సర్దేవాణ్ణి, హ్యాండిల్ ఎత్తేవాణ్ణి. రాయి ఎక్కింది లేదు గానీ, బండిలో ప్రతి మరా నా చేతికి అలవాటైపోయింది.

అంతలో బాపుకు మొలల ఆపరేషన్ అయింది. గద్దె దిగని మనిషికి గద్దె ఇచ్చిన బహుమానం అది. డాక్టరు కూర్చోవద్దన్నాడు. మోకాళ్లు అరిగిపోయాయి కాబట్టి దుకాణం దాకా నడవలేడు. కానీ తన చేత్తో షట్టరు లేపి, దీపం పెట్టి, బోణీ చెయ్యకపోతే ఆయనకు ముద్ద దిగదు. నేను తెరిస్తే లక్ష్మి గడప దాకా వచ్చి వెనక్కి పోతుందని ఆయన నమ్మకం. నేను తెరిచిన రోజుల్లో పక్కన స్టూలు మీదే కూర్చునేవాణ్ణి. పొద్దున్నే బాపు గోడకు ఆనుకుని నిలబడి నన్ను సాగనంపుతుంటే, ఆ ముఖం చూడలేకపోయేవాణ్ణి.

ఒకరోజు ట్రాలీ ఆటోలో నిలబెట్టి తీసుకెళ్లాం. నిమజ్జనానికి పోయే వినాయకుడిలా కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. బజారంతా చూసింది. "ఏం సేటూ, ఎలచ్చన్ల నిలవడ్డవా?" అని ఎవరో అరిచారు. బాపు సగం దారిలోనే ఆటోను వెనక్కి తిప్పించాడు. ఆ పూట అన్నం ముట్టలేదు.

మర్నాడు నా వైపు చూడకుండా అడిగాడు.

"గా నీ బండి మెల్లగ పోతదా?"

"నడిసినంత మెల్లగ పోతది బాపూ."

"నిలవడే నడుపుడు గదా?"

"నిలవడే."

నవ్వు ఆపుకోవడానికి పానాల పెట్టె దగ్గరికి పోయాను. తర్వాత ఆగి ఉన్న బండి మీద బాపును నిలబెట్టి, ఒక్కొక్కటే ఆయన ఒంటికి తగ్గట్టు మార్చాను. మోకాళ్లు వంగవు కాబట్టి హ్యాండిల్ ఇంకా పైకెత్తాను. బొజ్జ అడ్డం వస్తోందని కాస్త ముందుకు జరిపాను. నిలబడ్డప్పుడు మణికట్టు వంగకుండా క్లచ్చు లివరు కిందికి తిప్పి, ఒక్క వేలితో లాగేలా తీగ సర్దాను. రేసు ఇవ్వకపోయినా బండి ఆగిపోకుండా స్లో, అంటే ఇంజను తనంతట తాను తిరిగే వేగం, పెంచాను. పంచె చిక్కుకోకుండా చైన్ కవరు మళ్లీ బిగించాను. కుదుపుకు కుట్లు ఊడితే నా బతుకు ఇంకేమైనా ఉందా? టైర్లలో గాలి ఇంకాస్త తీశాను.

బయల్దేరాం. బండి మీద తెల్ల పంచెలో బాపు నిలువునా, పక్కన నడుస్తూ నేను. గుంత దగ్గర చెయ్యి అడ్డం పెట్టబోతే "జరుగు" అన్నాడు. బజార్లో జనం నవ్వారు, నవ్వకుండా ఎందుకుంటారు? కానీ తన బండి తానే నడుపుకుంటున్న మనిషికి అది పట్టలేదు.

షట్టరు బరువు నాది, చెయ్యి ఆయనది. దీపం పెట్టాడు. గద్దె మీది గుడ్డ దులిపి, అక్కడే ఆగిపోయాడు. ఖాళీ గద్దె పెట్టుకుని బోణీ చెయ్యడం ఆయనకు ఇష్టం లేదు.

"కూసో," అన్నాడు.

"నేనా?"

"మరి నేను కూసుంటనా?"

కూర్చున్నాను. కూర్చోవడం తప్పించుకోవడానికి బండికి సీటే పీకేసిన వాణ్ణి. ఆ గద్దె అంత మెత్తగా ఉంటుందనుకోలేదు.

తరిగొప్పుల రైతు ఒకాయన వచ్చి గడ్డపార చేతిలోకి తీసుకుని బాపును ధర అడిగాడు. బాపు నా వైపు చూపించాడు. నేను చెప్పాను. రైతు బేరమైనా ఆడకుండా డబ్బులిచ్చి, గబగబా గడ్డపార భుజాన వేసుకుని పోయాడు.

అతను మలుపు తిరిగే దాకా బాపు ఓపిక పట్టాడు.

"క్లచ్చు మంచిగ పెట్టినవ్‌రా," అన్నాడు. "ధర చెప్పుడే రాదు."