నాన్న నడకకు ఒక క్రియాపదం

మా చర్చిలో జ్ఞాపకార్థ కూడికలో పోయినవాళ్ల జీవిత విశేషాలు చదువుతారు. పుట్టుక, చదువు, ఉద్యోగం, చివర ఒక మంచి అలవాటు. నాన్న లాలాగూడలో ముప్ఫై ఏళ్లు ఇంగ్లిష్ చెప్పారు కాబట్టి ఆ కాగితం ఇంగ్లిష్‌లోనే ఉండాలన్నారు చర్చివాళ్లు. రాసే పని నాకు పడింది. నాన్న పోయిన ఈ ఐదు రోజుల్లో ఆయన గురించి చాలా పెద్ద మాటలు విన్నాను. కాగితంలోనైనా ఉన్నదే ఉండాలనుకున్నాను. రోజూ సాయంత్రం ఆయన అమ్మతో కలిసి నడిచేవారని రాశాను.

నాన్నతో పనిచేసిన ముగ్గురు సార్లు పరామర్శకు వచ్చి కాగితం అడిగి తీసుకున్నారు. ‘వాక్’ అన్న మాట దగ్గర పెద్ద సార్ కళ్లజోడు తీశారు.

“ఏందమ్మా ఇది? మూడో తరగతి పిల్లలు రాస్తరు. పెరాంబ్యులేట్ అని రాయి.”

“అది సర్వేవాళ్ల నడక. హద్దులు చూసుకుంటూ చుట్టూ తిరగడం,” అన్నారు రెండో సార్. “ఆయనది సాంటర్, పనేమీ లేని తీరిక నడక.”

“సాంటర్ చేసేవాడి చేతిలో కూరగాయల సంచి ఉంటుందా? యాంబుల్, మెల్లగా నడవడం,” అన్నారు మూడో సార్.

క్రియాపదాలను క్లాసులో చేసి చూపించి నేర్పిన తరం వాళ్లది. పెద్ద సార్ లేచారు. మిగతా ఇద్దరూ లేచారు. పరామర్శకు వచ్చినవాళ్లు కుర్చీలు గోడకు జరుపుకున్నారు. నాన్న ఫోటో దగ్గర్నుంచి ఫ్రిజ్ దాకా ముగ్గురూ మూడు రకాలుగా నడిచారు. రెండో సార్‌కి మోకాళ్ల నొప్పులు.

“అది కుంటడం సార్. దానికి వేరే మాట ఉంది,” అన్నారు మూడో సార్.

టిఫిన్ క్యారియర్‌తో వచ్చిన పక్కింటావిడ గుమ్మంలోనే నిలబడిపోయింది. ఇంతలో చిలకలగూడ ప్రింటింగ్ షాపు నుంచి ఫోన్, కాగితం ఇంకో పావుగంటలో పంపకపోతే రేపటి కూడికకు అచ్చు కాదని.

“మీరెవరూ ఆయనతో నడవలేదు,” అంది అమ్మ, మూల కుర్చీలోంచి. “నాకు ఆయాసం. పది అడుగులకోసారి ఆగేవారు, నేను అడక్కముందే. ఎవరింటి గేటో చూస్తున్నట్టు నిలబడేవారు.”

నడక వాక్యం కొట్టేశాను. రోజూ సాయంత్రం భార్య కోసం ఆగేవారని రాశాను.

పెద్ద సార్ చదివి తల ఊపారు. ముగ్గురూ మళ్లీ కూర్చున్నారు.

“స్టాప్ మరీ చిన్న మాటమ్మా,” అన్నారు. “పాజ్?”

“హాల్ట్,” అన్నారు రెండో సార్.

“అది రైళ్లకు సార్,” అన్నారు మూడో సార్.

“ఆగడం కూడా చేసి చూపిస్తారా?” అంది అమ్మ.

వాళ్లు లేవబోతుండగా నేను కాగితం ఫోన్‌లో షాపుకు పంపి, స్టాప్ అనే అచ్చు వేయమన్నాను.