నీలయ్య రాకెట్‌కి సీసం

నిన్న ఆఫీసులో టీ తాగుతుంటే కాలేజీ గ్రూప్‌లో మెసేజ్. నీలయ్య లేడు.

మా బ్యాచ్‌లో ఇద్దరు నీలయ్యలు. ఆ రెండోవాడు అయ్యుండాలని ఒక్క క్షణం కోరుకున్నాను. అదీ నా బుద్ధి.

కాదు, మావాడే. పొద్దున సముద్రం ఒడ్డున వల లాగుతూ కూలబడిపోయాడట. టెక్కలి తీసుకొచ్చేలోపే అయిపోయింది. నలభై మూడేళ్లు.

మధ్యాహ్నానికి గ్రూప్ నిండా "గ్రేట్ ప్లేయర్", "లెజెండ్".

వాడి ఆట చివరిసారి ఎప్పుడు చూశార్రా మీరు? బతికుండగా ఒక్కడైనా ఫోన్ చేశాడా? నేను చేశాను. చెప్పాల్సిన మాట తప్ప అన్నీ మాట్లాడాను.

ఆ మాట ఇప్పుడు ఇక్కడ రాస్తున్నాను.

టెక్కలి కాలేజీలో మాకొక సిమెంట్ టెన్నిస్ కోర్టు ఉండేది. నేను పలాస నుంచి, వాడు ఉద్దానం ఒడ్డు నుంచి వచ్చేవాళ్లం. మా అన్న పాత రాకెట్ వాడికిచ్చాను. మరీ తేలిక. గట్టి బంతి తగిలితే చేతిలోనే తిరిగిపోయేది.

వాడు ఇంటి నుంచి వలకి కట్టే సీసం గుళ్లు తెచ్చాడు. సుత్తితో రేకుల్లా కొట్టి, మెడికల్ షాపు ప్లాస్టర్‌తో రాకెట్ తల అంచంతా అంటించాడు. వలకి అడుగంచునే కదా సీసం కడతారు, వాడికి తెలిసింది అదే.

సర్వ్ బండరాయిలా వచ్చి పడింది. కానీ నెట్ దగ్గరకొస్తే రాకెట్ టైంకి లేవదు. వారం తిరిగేసరికి మోచేయి వాచింది.

నేను పగలబడి నవ్వాను. వాడు నవ్వలేదు.

రాకెట్‌ని వేలి మీద అడ్డంగా ఆనించి, ఎటు ఒరుగుతోందో చూస్తూ, రేకులు ఒక్కొక్కటే మార్చాడు. చివరికి తలకి అటూ ఇటూ చెరో చిన్న ముక్క, మిగతాదంతా పిడి మీద, గ్రిప్ కింద. మొత్తం బరువు అంతే. కానీ ఇప్పుడు బంతికి అదరదు, చెయ్యి ఎటు తిరిగితే అటే వస్తుంది.

"బరువెంతని కాదు బావా, ఎక్కడెట్టినామో సూడాల" అన్నాడు.

ఏ కోచ్ చెప్పలేదు వాడికిది. ఆ తర్వాత వాడి మీద నేను ఒక్క సెట్ గెలవలేదు.

యూనివర్సిటీ టీమ్ సెలక్షన్స్‌కి వైజాగ్ వెళ్లాం. ఆ ప్లాస్టర్, దాని కింది సీసం రేకులు చూసి అక్కడి కుర్రాళ్లు, వీడెవడ్రా వల తెచ్చాడని నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. పీకెయ్ రా, పరువు పోతోంది అన్నాను. రూల్స్ ఒప్పుకోవని అబద్ధం కూడా ఆడాను.

వాడు రేకులన్నీ ఊడదీసి జేబులో వేసుకున్నాడు.

మొదటి మ్యాచ్‌లోనే ఓడిపోయాడు. నాకు టీమ్‌లో చోటొచ్చింది. ఆ సర్టిఫికెట్‌తోనే స్పోర్ట్స్ కోటాలో ఈ ఉద్యోగం. వాడు వల దగ్గరకే వెళ్లిపోయాడు.

ఆ మధ్యాహ్నమే, నవ్వినవాళ్లలో ఒకడు గ్రిప్ మార్చుకుంటుంటే చూశాను. కింద సీసం టేపు. షాపులో కొన్నది.

సరిగ్గా నీలయ్య పెట్టిన చోటే.

తిరుగు రైల్లో వాడు నౌపడలో దిగేదాకా పక్కపక్కనే కూర్చున్నాం. చెప్పలేదు. ఆ తర్వాత ఇన్నేళ్లలోనూ చెప్పలేదు. పిరికివాడిని.

నిన్న సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. గోడకి అదే రాకెట్. పిడి పట్టుకుంటే గ్రిప్ కింద రేకులు వేళ్లకి తగిలాయి. మళ్లీ అంటించుకున్నాడు.

వాడి భార్య ముందైనా ఒప్పుకుందామని సెలక్షన్స్ సంగతి ఎత్తాను. ఆవిడ పూర్తిగా విననే లేదు.

"తెలుసు అన్నయ్యా. ఆ కుర్రోల బేటుకీ సీసం ఉండీదని ఆయన ఆ రోజే సూసినారంట. నాకు తెలుసని బావకి సెప్తే సిగ్గుపడిపోతాడు, సెప్పకూడదు అనీవోరు."

నీలయ్యా, ఒక్కసారి నా కాలర్ పట్టుకుని అడిగుంటే బాగుండేది రా. అన్నీ తెలిసి కూడా బావా అనే పిలిచావు.

నీకు శాంతి దొరకాలి. నాకు అక్కర్లేదు.