తాడని ఒప్పుకోని బావ

తాడును చూసి పామని అదిరిపడేవాళ్ళు ఊరికొకరుంటారు. తాడును చూసి, అది తాడేనని ఒప్పుకోవడానికి మూడు వారాలు తీసుకునే మనిషి మాత్రం లోకంలో ఒక్కడే. అతను మధ్యంతరానికి బావ.

మధ్యంతరం అంటే, పరిశోధన మధ్యలో మానేసిన బావమరిదికి ఆఫీసువాళ్ళు పెట్టిన పేరు. "నేను చదువు మానలేదు, చదువే నన్ను తట్టుకోలేక పారిపోయింది" అంటాడతను. ఇద్దరిదీ ఒకటే ఆఫీసు. సూర్యుడి నుంచి వీచే గాలిలో అయస్కాంత క్షేత్రం అక్కడక్కడా మెలితిరిగి చిన్న చిన్న తాళ్ళలా కొట్టుకొస్తుంది. అంతరిక్షంలో ఉన్న నౌక వాటిలోంచి దూరినప్పుడల్లా ఇక్కడ కంప్యూటర్ తెరమీద గీత నిదానంగా వంపు తిరుగుతుంది. ఆ వంపుల్లో తాళ్ళని ఏరడమే వాళ్ళ పని.

బావ ఏరడు, కొట్టేస్తాడు. చేతిలో ఎప్పుడూ ఎర్ర పెన్సిలు, నోట్లో ఎప్పుడూ "మరోసారి చూశావా?" కూతురు పుట్టినప్పుడు నర్సు బయటికొచ్చి "అమ్మాయండీ" అంటే, "మరోసారి చూశారా?" అన్నాడట. నర్సు లోపలికెళ్ళి నిజంగానే చూసొచ్చిందని మధ్యంతరం ప్రచారం.

పన్నెండేళ్ళలో బావ ఒప్పుకున్న తాళ్ళు అరవై. ఆ అరవైకే దేశదేశాల నుంచి ఉత్తరాలు. "మీ బావని చూసి నేర్చుకోరా" అని అక్క అన్నప్పుడల్లా మధ్యంతరానికి ముద్ద దిగేది కాదు.

పైగా అతనిది తాత్కాలిక ఉద్యోగం. శుక్రవారం మీటింగులో ఏదైనా కొత్తది చూపిస్తే ఉంటావు, లేదంటే నెలాఖరుకి సర్దుకో అని డైరెక్టరు తేల్చేశాడు. అంతే, మధ్యంతరం మూడు రోజుల్లో నూట నాలుగు తాళ్ళు పట్టేశాడు. "పన్నెండేళ్ళకి అరవై ఎక్కడ, మూడు రోజులకి నూట నాలుగు ఎక్కడ" అని క్యాంటీన్లో గ్లాసులు కడిగేవాళ్ళకి కూడా చెప్పాడు.

గురువారం బావ ఆ జాబితా చూశాడు. మొత్తం కొట్టేశాడు.

"శకునానికి ఒక్కటైనా మిగల్చలేదేం బావా?"

"సరిగ్గా నలభై రెండు నిమిషాలకొకటి వచ్చాయిరా. సూర్యుడు గడియారం చూసుకుని పేనుతాడా?"

"మరెవరు పేనారు?"

"నౌకలో హీటరు. అది వేడెక్కి చల్లారినప్పుడల్లా మన గీత వంగింది."

"నా పేరెక్కడ పైకొస్తుందోనని నీకు కడుపుమంట."

బావ జాబితా మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

శుక్రవారం మధ్యంతరం ముందుగా తన సొరుగు ఖాళీ చేసుకుని, ఆ తర్వాతే మీటింగుకి వెళ్ళాడు. బావ లేచాడు. గోడకి తన అరవై తాళ్ళ పట్టిక అంటించాడు. ఎర్ర పెన్సిలు తీసి, ఒక్కొక్కటిగా పదిహేడు కొట్టేశాడు.

"ఇవి తాళ్ళు కావండీ, హీటరు చేసిన పని. ఎప్పుడో ఒకటి, ఎప్పుడో ఒకటి వచ్చాయి కాబట్టి ఇన్నేళ్ళూ నాకు అంతుపట్టలేదు. నూట నాలుగు ఒకేచోట పేర్చి పెడితే హీటరు వంపు ఎలా ఉంటుందో తెలిసింది. పేర్చింది మా బావమరిది."

డైరెక్టరు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఇంతకన్నా కొత్తదేం కావాలి? సోమవారం వచ్చి ఉద్యోగం ఆర్డరు తీసుకోవయ్యా" అన్నాడు మధ్యంతరంతో.

చప్పట్లు మోగాయి. చూస్తే సగం మంది బావ వైపు తిరిగి కొడుతున్నారు. మధ్యంతరం పళ్ళు నూరాడు. ఉద్యోగం తన చేతిలో పెట్టి, మెప్పు మాత్రం బావ ఎత్తుకుపోయాడు.

సోమవారం ఆర్డరు వచ్చింది. బావ దాన్ని కిటికీ వెలుతురుకి ఎత్తిపట్టి, "సంతకం మరోసారి చూశావా?" అన్నాడు.

"నాకా చాదస్తం లేదు" అని లాక్కున్నాడు మధ్యంతరం.

అప్పటికి నాలుగుసార్లు చూసుకున్నాడు.