ఏడేళ్లు నేను అడగని ప్రశ్న

అది 1998. సామర్లకోటలో ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో స్టాఫ్ నర్సుగా చేరి నాకప్పటికి ఏడేళ్లు. బీపీ చూడటం, ఈసీజీ తీయటం, డాక్టరుగారు వచ్చేలోపు రోగి సంగతులన్నీ కేస్ షీట్‌లో రాసిపెట్టటం నా పని. ఆదివారాలు మూఢనమ్మకాల మీద సభల్లో మాట్లాడేదాన్ని. దెయ్యం లేదు, దిష్టి లేదు అని ఎవరితోనైనా వాదనకు దిగేదాన్ని.

నూకరత్నం పిఠాపురం అవతల సముద్రపు ఒడ్డు నుంచి వచ్చేది. నలభై ఏళ్లుంటాయి. చేపలగంప నెత్తిన పెట్టుకుని ఊరూరా అమ్మే మనిషి. రెండేళ్లుగా మందులు వాడుతున్నా బీపీ దిగటం లేదు. ఆ రోజు తీసిన ఈసీజీలో ఎల్‌వీహెచ్ కనిపించింది. అంటే, ఏళ్ల తరబడి ఎక్కువ ఒత్తిడికి ఎదురు నెట్టి నెట్టి గుండె ఎడమ గది గోడ మందమెక్కటం. ఇలాగే సాగితే గుండె అలిసిపోతుందని, పక్షవాతమైనా రావచ్చని డాక్టరుగారన్నారు. "మందులు సరిగ్గా మింగుతోందో లేదో కనుక్కో" అని నాకు పురమాయించారు.

నేను అడిగింది వెంట వచ్చిన ఆవిడ భర్తను.

"మందులు వేళకి వేసుకుంటోందా?"

"నేనే దగ్గరుండి మింగిస్తానండి."

"ఉప్పుచేప మానేసిందా?"

"ఎప్పుడో మానేసిందండి. దానికేం తెలుసండీ, నన్నడగండి."

మా దగ్గర అదే అలవాటు. ప్రశ్న ఆయనకు, సూది ఆవిడకు.

బీపీ చూడబోతే జబ్బకు కొత్త తాయెత్తు అడ్డొచ్చింది. నాకు ఒళ్లు మండింది. "ఈ రేకుముక్కే బీపీ తగ్గిస్తే నేనెందుకు, డాక్టరుగారెందుకు?" అన్నాను.

"అలా గడ్డిపెట్టండి నర్సమ్మగారూ! నేనెంత మొత్తుకున్నా వినదు" అని భర్త నవ్వాడు. సభకు పనికొచ్చే మనిషి దొరికాడనుకున్నాను. అతను చీటీ పట్టుకుని మందుల షాపుకి వెళ్లాడు.

నూకరత్నం తాయెత్తు ముడి విప్పుతూ, "ఇది కట్టినావిడ నన్నో మాటడిగిందండి" అంది.

"ఏంటది?"

"'ఇంట్లో నీ మొగుడు కొడతన్నాడేంటే?' అని. పదిహేడేళ్ల కాపరంలో ఎవురూ అడగలేదండి. మీరూ అడగలేదు. రెండేళ్లనించీ వత్తన్నాను, ఎప్పుడూ ఆయన్నే అడుగుతారు."

తాయెత్తు జరిగిన చోట నాలుగు వేళ్ల గుర్తులు, ఆకుపచ్చ తిరిగి ఉన్నాయి. ఎన్నిసార్లు బీపీ కఫ్ చుట్టానో ఆ చేతికే!

తలుపు వేసి పక్కన కూర్చున్నాను. సాయంత్రం వాకిట్లో అతని అలికిడి వింటే చాలు, గుండె దడదడలాడుతుందట. కోపమొస్తే మాత్రలు పెరట్లోకి విసిరేస్తాడట. ఆవిడ మాట్లాడటం ముగించి కాసేపు కుదుటపడ్డాక బీపీ చూశాను. పైఅంకె నూట అరవై. వరండాలో భర్త గొంతు వినబడ్డాక మళ్లీ చూశాను. నూట తొంభై.

రెండు అంకెలూ డాక్టరుగారికి చూపించాను. ఆయన రెండూ కేస్ షీట్‌లో రాయించారు. తర్వాత ఆవిడను ఒక్కదాన్నే పిలిపించి, "నీ గుండె రోజూ భయంతో పరుగెడుతోందమ్మా. నా మందు ఒక్కటే దాన్ని ఆపలేదు" అన్నారు.

"మా అక్క దగ్గరికి పోతానండి. గంప నాది, బేరం నాది. ఎక్కడైనా బతుకుతాను" అంది నూకరత్నం.

అన్నట్టే వెళ్లింది. ఆరు నెలలకు అక్కను వెంటబెట్టుకుని వచ్చింది. బీపీ అదుపులోకి వచ్చింది. కానీ ఈసీజీలో ఆ గోడ మందం అలాగే ఉంది. కొట్టే చెయ్యి దూరమైనంత మాత్రాన గుండె మరచిపోదు.

తాయెత్తు గురించి నా మాట ఇప్పటికీ మారలేదు. అందులో రేకుముక్క తప్ప ఏమీ లేదు. కానీ మగవాడు చెప్పిందే ఆడదాని రోగమని నమ్మటం అంతకంటే పెద్ద మూఢనమ్మకం. తెల్లచీర కట్టుకుని ఏడేళ్లు దాన్ని నేనే పాటించాను. అప్పటినుంచి, వెంట వచ్చింది ఎవరైనా సరే, వరండాలో కూర్చోబెట్టి తలుపు వేస్తున్నాను. కఫ్ చుట్టేముందు ఆవిడనే అడుగుతున్నాను: "ఇంట్లో ఎవరైనా కొడుతున్నారా అమ్మా?"