సుస్మిత పగటి నిద్ర

మా కోడలు సుస్మిత పగలు పడుకుంటుంది. పడుకోవడం వేరు, నిద్ర పట్టడం వేరు. జడ్చర్ల దగ్గర ఒక మందుల కంపెనీలో ఆమె పని. మూడు నెలల నుంచి రాత్రి డ్యూటీయే వేస్తున్నారు. పొద్దున ఏడు గంటలకు కంపెనీ బస్సు సందు మొదట్లో దింపుతుంది. కాళ్లు కడుక్కొని, నేను పెట్టిన జొన్నరొట్టె సగం తిని మంచం ఎక్కుతుంది. అప్పటికే మా ఇంట్లోకి ఎండ వచ్చి కూర్చుని ఉంటుంది.

మాది కిరాయి ఇల్లు. ఒకటే అర్ర, పైన రేకులు, తలుపు తూర్పుకు. రేకులకూ గోడకూ నడుమ గాలి కోసం జానెడు సందు వదిలారు. ఆ సందులో నుంచి వచ్చే వెలుగు సరిగ్గా మంచం మీద పడుతుంది. మంచం అటు జరిపితే కిటికీ వెలుగు, ఇటు జరిపితే తలుపు వెలుగు. అన్నీ మూసేస్తే రేకుల వేడికి లోపల మనిషి ఉడికిపోతుంది.

ఆమె చేసేది కళ్లతో చేసే పని. ఇంజక్షన్ మందు నింపిన చిన్న సీసాలను దీపం కింద ఒక్కొక్కటే తిప్పి చూడాలి. తెల్ల పలక ముందు ఒకసారి, నల్ల పలక ముందు ఒకసారి. లోపల వెంట్రుకంత నలక కనబడినా ఆ సీసాను పక్కకు తీయాలి. ఆ బల్ల దగ్గర కూర్చోవాలంటే ఆరు నెలలకొకసారి కళ్ల పరీక్ష పాస్ కావాలి. కాకపోతే అట్టపెట్టెలకు కాగితాలు అంటించే దగ్గరికి పంపుతారు, అక్కడ ఖాళీ ఉంటేనే. ఖాళీ లేకపోతే ఇంటికే. ఈ ఎండాకాలం పరీక్ష ఇంకో ఇరవై రోజులు ఉందనగా సుస్మిత కళ్లు చూసి నాకు భయం పట్టుకుంది. నిద్ర లేక రెప్పలు బరువెక్కాయి. అన్నం తింటూ తింటూ కంచం ముందే తూలుతోంది.

ఆ పిల్లది పానగల్ దగ్గర ఊరు. తల్లి చిన్నప్పుడే పోయింది. తండ్రి భీమయ్యది సేద్యం. పెళ్లయి మా ఊరికి వచ్చిన కొత్తల్లో, దేవరకొండ దగ్గర మా గొర్రెల దొడ్డి ముందు నిలబడి, ఆ మూల గొర్రెకు కన్ను వాచింది మామయ్యా అని చెప్పింది. నూరు గొర్రెలలో ఒక్కదాని కన్ను. మా ఆయన గుర్వయ్య దగ్గరికి పోయి చూసి, నవ్వి, గద్ద కళ్ల పిల్లను తెచ్చుకున్నామని ఊరంతా చెప్పుకున్నాడు. ఆ కళ్ల మీదనే ఆమెకు ఈ కొలువు వచ్చింది.

మా కొడుకు రాజేశ్ కూడా ఆ పక్క కంపెనీలోనే చేసేవాడు. ఈ అర్ర వాడు కిరాయికి తీసుకున్నదే. పెళ్లయిన ఏడాదిన్నరకు, వానకాలంలో, పెద్ద రోడ్డు మీద లారీ తగిలి పోయాడు. దినాలు అయిపోయాక భీమయ్య వచ్చి బిడ్డను తీసుకుపోతానన్నాడు. నా పని ఆడ ఉంది బాపూ, ఆడికే పోతా అంది. ఒక్కతే ఎట్లా ఉంటుందని నేను వెంట వచ్చాను. ఒక నెల ఉండి పోదామనుకున్నది రెండేళ్లయింది. కొడుకే లేనప్పుడు కోడలేంది, ఆమె వెంబడి నువ్వేంది అని ఊర్లో అన్నవాళ్లున్నారు. మా ఆయన మాత్రం గొర్రెలను చూసుకుంటూ అక్కడే ఉండి, నెలకొకసారి వచ్చి పోతాడు.

వెలుగుకు సుస్మిత మొదట చున్నీ కట్టుకుంది. కళ్ల మీద నుంచి చుట్టి తల వెనక ముడి వేసింది. నేను చెంబు పట్టుకొని లోపలికి వెళ్లేసరికి వెల్లకిలా పడుకొని ఉంది, కళ్ల మీద గుడ్డ, చేతులు రెండు పక్కలా చాచి.

మా దగ్గర ముఖం కప్పుకొని పడుకోనివ్వరు. చిన్నప్పుడు చలికి దుప్పటి తల మీదికి లాక్కుంటే మా అవ్వ కట్టెతో పొడిచి లేపేది. ముఖం కప్పేది ఒక్కసారే, దానికి తొందరేందే అనేది. దవాఖానలో రాజేశ్‌ను నాకు అట్లా కప్పే చూపించారు. అందుకే ఆ దినం చెంబు కింద పెట్టి సుస్మిత పాదం పట్టుకున్నాను. ఉలిక్కిపడి లేచింది. ఏమైందని అడిగితే ఫ్యాన్ పెంచాలా అని అడుగుదామనుకున్నా అన్నాను. అప్పటి నుంచి గంటకోసారి పోయి, ఆమె రొమ్ము లేచి పడుతోందో లేదో చూసి వచ్చేదాన్ని.

చున్నీ నిలవలేదు. పక్కకు తిరిగితే జారేది, వెల్లకిలా పడుకుంటే ముడి గుచ్చేది. బస్టాండు దగ్గర క్లిప్పులూ సంచులూ అమ్మే దుకాణంలో నిద్రకు కళ్ల మీద పెట్టుకునే గంత ఒకటి కొనుక్కొచ్చింది. మెరిసే గుడ్డ, వెనక సన్నని ఎలాస్టిక్. చూడడానికి బాగుంది. పెట్టుకుంటే చెమటకు అతుక్కుపోయేది, రెప్పవెంట్రుకలు గుడ్డకు గీసుకునేవి, ముక్కు పక్కన సందులో నుంచి వెలుగు వచ్చేది. లేచేసరికి చెవుల మీద ఎర్రని చార. ఇంటి యజమానురాలు శ్యామలమ్మ కిటికీలో నుంచి చూసి నన్ను పట్టుకుంది.

"ఏం భద్రమ్మా, గానుగెద్దుకు కట్టినట్టు కోడలికి గంతలు కట్టినవ్. తిప్పితే నూనె ఎంత దిగుతాంది?"

నాకూ నవ్వు వచ్చింది, కానీ ఆ నవ్వు లోపల దాకా పోలేదు. కంపెనీలో సుస్మితతో పనిచేసే శ్రీవాణి అనే అమ్మాయి ఫోనులో చూసి ఇంకొకటి తెప్పించి ఇచ్చింది. కళ్ల దగ్గర దొన్నెల్లాగా ఉబ్బెత్తుగా ఉంది. రెప్పకు తగలదు, చీకటి కూడా బాగా చేస్తుంది. కానీ లోపలంతా స్పాంజి. మా రేకుల కింద అరగంటకే చెమట పీల్చి తడిగుడ్డ అయ్యేది. రబ్బరు వాసనకు తలనొప్పి అని దాన్నీ తీసేసింది.

పరీక్షకు పన్నెండు రోజులు ఉందనగా నాకు గొంగడి ఆలోచన వచ్చింది. గొర్రెలోళ్ల ఇంట పుట్టి గొర్రెలోళ్ల ఇంటికే వచ్చినదాన్ని. గొంగడిలో వాన దిగదు, చలి దిగదు, ఎండ దిగదు. నడి ఎండలో మా ఆయన గొంగడి తల మీద వేసుకొని రాయి పక్కన నిద్రపోతాడు. ఇంతకన్నా చీకటి ఎక్కడ దొరుకుతుంది అనుకున్నాను. ఫోన్ చేస్తే ఆయన పాత నల్లగొంగడి కొస కోసి, ఇటు వస్తున్న మా ఊరి పరమేష్ చేతికిచ్చి పంపాడు. ఒకసారి నీళ్లలో ముంచి ఆరేసి, రెండు పొరలు వేసి కుట్టి, అంచుకు నాడా పెట్టాను.

మొదటి దినం నాలుగు గంటలు పడుకుంది. రెండో దినం కూడా. ఇక ఫికర్ లేదనుకున్నాను, శ్యామలమ్మకు చెప్పుకున్నాను కూడా. మూడో దినం లేచేసరికి రెప్పలు రెండూ వాచి, ఎర్రగా, నీళ్లు కారుతున్నాయి. ఆ రాత్రి డ్యూటీకి పోతే సూపర్‌వైజర్ అమరేందర్ తలుపు దగ్గరే ఆపి, ఈ కళ్లతో లోపలికి రావద్దు, తగ్గినంక రమ్మని తిప్పి పంపాడట. పరీక్ష మాత్రం సోమవారమే. కళ్ల డాక్టర్ ఆ ఒక్క దినమే వస్తాడు, ఒక్కరి కోసం ఇంకో దినం రాడు.

తెల్లారి ఇద్దరం పాలమూరు పోయి కళ్ల డాక్టరుకు చూపించుకున్నాం. ఆయన గొంగడి ముక్కను వేళ్ల నడుమ నలిపి, దీనికి ఏం పెట్టారు, ఇంత గరుకుంది అని అడిగాడు. నేసేటప్పుడు పోగు గట్టిపడడానికి చింతగింజల గంజి పెడతారని చెప్పాను. వీపు మీద వేసుకునేదాన్ని రెప్పల మీద పెడితే ఎట్లమ్మా, రెప్ప తోలు ఉల్లిపొర లెక్క ఉంటుంది అన్నాడు. కోప్పడలేదు. చుక్కల మందు, పూసే మందు రాసిచ్చాడు. వాపు తగ్గేదాకా కళ్ల మీద ఏమీ పెట్టవద్దన్నాడు. తగ్గాక పెట్టుకుంటే మెత్తని నూలుగుడ్డ, రోజూ ఉతికింది, రెప్పను నొక్కనిది పెట్టుకోమన్నాడు. అన్నిటికన్నా నిద్ర కావాలన్నాడు.

ఇల్లు చేరాక ఆమెను మంచం మీద కూర్చోబెట్టి చుక్కల మందు వేశాను.

"నా చేతులతోనే నీ కండ్లు పాడు చేసిన బిడ్డా."

"గొంగడిది గీ మూడు దినాలదే అత్తమ్మా. అంతకు ముందు మాత్రం ఎన్నడు పండుకున్న?" అంది సుస్మిత. బుగ్గ మీదికి జారిన మందు తుడుచుకొని, "ఒక మాట చెప్త, మనసుల పెట్టుకోకు. నువ్వు గంటకోసారి వస్తవు. నీ మట్టెల చప్పుడు ఇనంగనే గంత తీసి దిండు కింద పెట్టి కండ్లు మూసుకుంట. నువ్వు పోయినంక మళ్ల పెట్టుకుంట. ఇగ నిద్ర యాడికెళ్లి వస్తది?"

"ఎందుకు తీస్తవ్?"

"నా మొఖం మీద బట్ట చూస్తే నీ మొఖం ఎట్లైతదో నీకు తెల్వదు. నాకు తెల్సు."

నేను మందు సీసాకు మూత పెట్టాను. ఇన్ని దినాలు గుడ్డను తప్పుపట్టాను, ఎలాస్టిక్‌ను తప్పుపట్టాను. నా రాకపోకలే ఆమెను లేపుతున్నాయని నాకు తట్టలేదు.

మూడు దినాలు ఏమీ కట్టకుండా చుక్కలు వేసుకుంటూ గడిపాం. డ్యూటీ లేకున్నా, మూడు నెలల అలవాటుకు రాత్రి ఆమెకు కన్ను మూతపడలేదు. పగలు కిటికీకి నా చీర అడ్డం కట్టాను, అయినా ఆమె అటూ ఇటూ పొర్లింది తప్ప నిద్రపోలేదు. గురువారం నాటికి వాపు దిగింది. ఆ పొద్దు ఇద్దరం కూర్చొని కొత్తది కుట్టాం. తెల్లగుడ్డ వద్దని నేను అన్నాను, ఎందుకని ఆమె అడగలేదు. ఉతికి ఉతికి మెత్తబడిన నా ఆకుపచ్చ నూలు చీర చించాం. లోపలికి ముదురు నీలం లంగా గుడ్డ. రెప్పకు తగలకుండా ఎట్లా అని ఆలోచిస్తుంటే, బిందె మోసేటప్పుడు తల మీద పెట్టుకునే చుట్టబట్ట గుర్తుకొచ్చింది. బరువంతా చుట్టు మీద ఉంటుంది, నడిమధ్యన ఖాళీ. గాజు కన్నా కొంచెం చిన్నగా గుడ్డతో రెండు చుట్టలు చుట్టి కళ్ల చోట కుట్టాను. ముక్కు దగ్గర సందుకు చిన్న మడత వదిలాను. ఎలాస్టిక్ లేదు, రెండు వేళ్ల వెడల్పు పట్టీలు, ముడి నడినెత్తి మీదికి వచ్చేటట్టు. వేడినీళ్లలో ఉడికించి ఆరేశాం.

ఆరిన తర్వాత సుస్మిత దాన్ని తను పెట్టుకోలేదు. నన్ను మంచం మీద పడుకోమంది. వద్దన్నాను. వినలేదు, నవ్వుతూ నా తలకు కట్టింది.

చీకటి అయిపోయింది. లోపల కళ్లు తెరిచాను, మూశాను, ఏదీ తగలలేదు. చేత్తో మంచం పట్టె పట్టుకున్నాను. ఫ్యాన్ తిరుగుతోంది, పక్కింట్లో శ్యామలమ్మ మిక్సీ పట్టింది, కోడలు నా పక్కన కూర్చున్నప్పుడు మంచం కిర్రుమంది.

"ఊపిరాడుతాందా అత్తమ్మా?"

"ఆడుతాంది."

"నాక్కూడ గట్లనే ఆడుతది. లోపలికొచ్చి చూడకు. నాలుగు కొట్టేదాక రాకు."

సరేనన్నాను. అనడం సులువే. శుక్రవారం ఆమె ఎనిమిదింటికి పడుకుంది. నేను గడప బయట కూర్చొని చిక్కుడుకాయలు ఈనెలు తీశాను. పదింటికి కాయలు అయిపోయాయి. పదకొండుకు లేచి, తలుపు దాకా పోయి, మళ్లీ వచ్చి కూర్చున్నాను. పన్నెండుకు లోపల ఏ చప్పుడూ లేదు. చెవి గోడకు ఆనించాను, ఫ్యాన్ తప్ప ఏమీ వినిపించలేదు. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. శ్యామలమ్మ వచ్చి ఏమన్నా ఒంట్లో బాగాలేదా అని అడిగితే ఎండ అన్నాను. ఒంటిగంటకు కరెంటు పోయింది. ఫ్యాన్ ఆగాక సుస్మిత శ్వాస వినబడింది, మెల్లగా, కొంచెం గురకతో. కరెంటు వచ్చేదాకా కదలకుండా వింటూ కూర్చున్నాను. నాలుగు దాటాక లేచి వచ్చింది. బుగ్గ మీద దిండు ముడత తప్ప ఏ చారా లేదు. నువ్వు తిన్నవా అని అడిగింది. తినలేదని అప్పుడు గుర్తొచ్చింది.

శనివారం, ఆదివారం కూడా అట్లాగే గడిచాయి. నాకు భయం తగ్గిందని చెప్పను. ఆమె కళ్లలో మాత్రం తెలుపు తెలుపుగా తేలింది.

సోమవారం పొద్దున్నే పరీక్షకు పోయింది. కబురు తెలిసేదాకా నేను పొయ్యి ముట్టించలేదు. పదకొండున్నరకు ఫోన్ వచ్చింది. గోడ మీది అక్షరాలు చివరి వరస దాకా చదివిందట. కలిపి పెట్టిన సీసాల్లో నలకలున్నవి తీయమంటే అన్నీ తీసిందట, ఒక్కటి మాత్రం రెండుసార్లు చూడాల్సి వచ్చిందట. రేపటి నుంచి మళ్లీ ఆ బల్ల దగ్గరే. తిని పడుకుందువు గాని రా బిడ్డా అన్నాను.

ఆమె వచ్చేసరికి మిరుగు కార్తె తొలకరి మబ్బు పట్టి నాలుగు చినుకులు పడ్డాయి. రేకులు చల్లబడ్డాయి. తిని, చేయి కడుక్కొని, మంచం ఎక్కి, పచ్చ గంతను నెత్తి మీద ముడి వేసుకుంది. కళ్ల మీదికి దించుకునే ముందు నా వైపు చూసింది.

"ఇయ్యాల సల్లగుంది అత్తమ్మా. తలుపు దగ్గరికెయ్యి."

తలుపు వేస్తే బయటి నుంచి ఆమె కాళ్లు కూడా కనబడవు. ఆమె పగలు పడుకున్నప్పుడు ఆ తలుపు నేను ఒక్కసారి కూడా మూయలేదు. గడప దాటి, మెల్లగా దగ్గరికి వేశాను. గొళ్లెం మీద చెయ్యి కొంచెంసేపు అట్లాగే ఉండిపోయింది. తర్వాత చెయ్యి తీసేశాను.